పాత చిమ్నీలో కట్టెల స్టవ్: లైనర్ వేయాలా, ఉన్నదే సరిపోతుందా, అసలు వద్దా?

ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్నాక అది మాకు మొదటి చలికాలం. మాది మిడ్‌ల్యాండ్స్‌లో విక్టోరియా రాణి కాలం నాటి టెర్రస్ ఇల్లు, అంటే ఉమ్మడి గోడలతో వరుసగా కట్టిన ఇళ్లలో ఒకటి. ఊరి నుంచి వచ్చిన మా అత్తయ్య హాల్లో ఖాళీగా ఉన్న ఫైర్‌ప్లేస్‌ని చూసి, "ఇంత పొగగొట్టం పెట్టుకుని కరెంటు హీటరు ముందు వణుకుతారేంటమ్మాయ్? ఓ పొయ్యి పెట్టి నాలుగు కట్టెలు వేస్తే పోలా?" అన్నారు. నాకూ నిజమే కదా అనిపించింది. ఆ శనివారమే స్టవ్‌ల షాపుకి వెళ్లాం. ఒకటి నచ్చింది, అడ్వాన్స్ కట్టేదాకా వచ్చాం. కార్డు తీస్తుంటే షాపులో ఆవిడ "మీ చిమ్నీని ఎవరితోనైనా పరీక్ష చేయించారా?" అని అడిగారు. చేయించలేదు. కార్డు మళ్లీ పర్సులో పెట్టుకుని ఇంటికొచ్చేశాం.

పది రోజుల తర్వాత చిమ్నీ శుభ్రం చేసే ఆయన వచ్చాడు. రెండు బకెట్ల మసి, ఎండిపోయిన పుల్లల గూడు ఒకటి కిందికి లాగాడు. గొట్టాన్ని కాసేపు వెచ్చబెట్టి, అడుగున పొగ బిళ్ల వెలిగించాడు. పైన పొగ వస్తోందని చూసుకున్నాక పై మూతి, కింది మూతి రెండూ మూసి, మమ్మల్ని ఇల్లంతా తిరిగి చూడమన్నాడు. పై అంతస్తులో పిల్లల గది, చిమ్నీ గోడ పక్కనే బట్టల బీరువా. దాని వెనక, గోడ అడుగున ఉన్న చెక్క పట్టీ సందులోంచి అగరొత్తి పొగ లాగా సన్నటి తెల్లటి దారం పైకి లేస్తోంది. మా చిన్నది పడుకునే మంచానికి నాలుగడుగుల దూరం. అది పరీక్ష కోసం పెట్టిన పొగ కాబట్టి కంటికి కనబడింది. నిజంగా స్టవ్ వెలిగించి ఉంటే, రాత్రి నిప్పు నివురుగప్పాక అదే సందులోంచి కార్బన్ మోనాక్సైడ్ వచ్చేది. దానికి రంగూ లేదు, వాసనా లేదు.

ఆ రోజు నుంచి ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెబుతున్నాను. స్టవ్ ఎంచుకోవడం రెండో పని. చిమ్నీ విషయంలో మీకున్న దారి ఏదో, అంటే లోపల లైనర్ అనే కొత్త గొట్టం వేయించాలా, ఉన్నదే సరిపోతుందా అన్నది తేల్చుకోవడం మొదటి పని. ఇక్కడ పాత ఇళ్లు కొంటున్న మనవాళ్లు చాలామంది తిరగేసి చేస్తున్నారు. మేమూ అలాగే మొదలుపెట్టాం.

కింద రాసిన నిబంధనలు ఇంగ్లండ్‌వి. బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లో పార్ట్ జె అనే భాగం, దాన్ని వివరించే అప్రూవ్డ్ డాక్యుమెంట్ జె ప్రకారం రాశాను. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లకు వాటి నిబంధనలు వేరుగా ఉన్నాయి, అక్కడివాళ్లు వాటినే చూసుకోవాలి.

పాత గొట్టం లోపల ఏముంటుంది

మాలాంటి ఇళ్లలో చిమ్నీ అంటే ఇటుకలతో కట్టిన చదరపు సొరంగం. మామూలుగా లోపలి కొలత 225 మి.మీ.కి 225 మి.మీ. ఉంటుంది. కట్టేటప్పుడు లోపలివైపు సున్నపు పూత పూసేవారు. ఆ సున్నంలో ఆవుపేడ కలిపేవారని విన్నప్పుడు మా అమ్మమ్మగారింటి అలుకు గుర్తొచ్చింది. వేడికి పగలకుండా పట్టి ఉంచుతుందని కలిపేవారు. నూరేళ్లకు పైగా బొగ్గు పొగ తాగాక ఆ పూత పొరలు పొరలుగా రాలిపోతుంది. ఇటుకల మధ్య సున్నం పొడిబారి, సందులు పడతాయి. మా గొట్టంలోకి కెమెరా దింపి చూపించినప్పుడు ఒకచోట మూడు వరుసల ఇటుకల మధ్య అసలేమీ లేదు, నల్లటి గీతలు మాత్రమే.

టెర్రస్ ఇళ్లలో ఇంకో చిక్కుంది. రెండిళ్లకూ ఉమ్మడిగా ఉండే గోడలోనే చిమ్నీలు పక్కపక్కన పోతాయి. మన గొట్టం కారితే పొగ పక్కింటివాళ్ల పడకగదిలో తేలొచ్చు. అందుకే పరీక్ష రోజున పక్కింటివాళ్లకు ముందే చెప్పి, వాళ్ల గదులు కూడా చూడాలి.

1965 నాటి నిబంధనల తర్వాత కట్టిన ఇళ్లయితే లోపల సాధారణంగా మట్టి గొట్టాల లైనింగ్ ఉంటుంది. అలాగని దాన్నీ గుడ్డిగా నమ్మడానికి లేదు. ఆ గొట్టాలు ఒకదానిలో ఒకటి కూర్చునేటట్టు పేర్చాలి. గంట లాంటి వెడల్పు మూతి పైకి ఉండాలి, అప్పుడే లోపల చేరిన తడి, తారు లోపలే కిందికి జారతాయి. తలకిందులుగా పేర్చిన చోట ప్రతి అతుకు దగ్గరా బయటికి కారుతుంది. కాబట్టి ఏ కాలం ఇల్లయినా తుడిపించాలి, కెమెరాతో చూడాలి, పొగ పరీక్ష చేయించాలి. ఈ మూడూ అయ్యాకే కింది దారుల్లో ఏది మీదో తెలుస్తుంది.

మొదటి దారి: ఉన్న గొట్టాన్నే వాడుకోవడం

లైనర్ వేయకుండా స్టవ్ పెట్టడం చట్టవిరుద్ధమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గొట్టం గట్టిగా ఉండి, పొగ పరీక్షలో ఎక్కడా కారకుండా, సైజు స్టవ్‌కి తగినట్టు ఉంటే లైనర్ తప్పనిసరి అని నిబంధన ఎక్కడా లేదు. ఫైర్‌ప్లేస్ పైభాగాన్ని రిజిస్టర్ ప్లేట్ అనే లోహపు పలకతో మూసి, స్టవ్ గొట్టాన్ని దానిలోంచి పైకి పంపిస్తారు. తుడవడానికి, పైనుంచి రాలినవి తీయడానికి దానికో చిన్న తలుపు ఉంచాలి.

ఖర్చు తక్కువ, పని ఒక పూటలో అయిపోతుంది. అయినా నేను విక్టోరియా కాలం ఇంటికి ఈ దారి చెప్పను. కారణం లెక్కలోనే ఉంది. 225 చదరం గొట్టం వైశాల్యం సుమారు 50,600 చదరపు మి.మీ. చిన్న స్టవ్‌కి కావలసిన 125 మి.మీ. గుండ్రటి గొట్టం వైశాల్యం 12,300. అంటే నాలుగింతలు పెద్ద సొరంగంలోకి స్టవ్ కొద్దిపాటి పొగను వదులుతుంది. వెనకటి బహిరంగ మంట అయితే గదిలోని గాలిని బోలెడంత లాక్కుని పైకి తోసేది. మూసిన స్టవ్ అలా చేయదు. పొగ మెల్లగా ఎక్కుతుంది, చల్లని ఇటుకలకు తగిలి చల్లారిపోతుంది. దానిలోని తేమ, తారు గోడకి అంటుకుంటాయి. ఆ తారు ఎండితే గాజులాగా మెరిసే నల్లటి పెచ్చు కడుతుంది. ఒకరోజు నిప్పురవ్వ తగిలితే అదే అంటుకుని చిమ్నీ మంట అవుతుంది. తారు ఇటుకలోంచి ఊరి పడకగది గోడమీద గోధుమరంగు మరకలుగా రావడం కూడా మామూలే. ఎన్ని రంగులు వేసినా ఆ మరక పోదు.

1970ల, 80ల నాటి ఇల్లు, లోపల 200 మి.మీ. మట్టి లైనింగ్, పరీక్షలో పాస్ అయింది. అలాంటి ఇంటికి మాత్రం ఈ దారి సరైనదే.

రెండో దారి: స్టీల్ లైనర్

ఎక్కువమంది ఎంచుకునేది ఇదే, మేమూ ఇదే ఎంచుకున్నాం. వంగే గుణమున్న స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాన్ని చిమ్నీ పైనుంచి కిందికి దించుతారు. దాని ముక్కుకి శంకువు లాంటి టోపీ తొడిగి తాడు కడతారు. ఒకరు కప్పు మీద నుంచి వదులుతుంటే ఇంకొకరు కింద ఫైర్‌ప్లేస్‌లో కూర్చుని తాడు లాగుతారు. మా ఇంట్లో పై గది పాత ఫైర్‌ప్లేస్‌ని తప్పుకుంటూ గొట్టం పక్కకి వంగి పోతుంది. ఆ వంపు దగ్గర లైనర్ రెండుసార్లు ఇరుక్కుంది. పైనున్న అబ్బాయి దాన్ని కొద్దిగా తిప్పుతూ, కిందనున్నాయన లాగకుండా ఊరికే బిగువు పట్టి ఉంచితే మూడోసారి సర్రున జారింది. గట్టిగా లాగి ఉంటే అతుకులు విచ్చుకునేవి.

ఇక్కడ నిబంధనలు కచ్చితంగా ఉన్నాయి. లైనర్ పైనుంచి కిందికి ఒకే ముక్కగా ఉండాలి, మధ్యలో అతుకు ఉండకూడదు. రకం ఘన ఇంధనానికి తగినదై ఉండాలి. గ్యాస్ ఫైర్ కోసం వేసే లైనర్ ఒంటి పొరది, కట్టెల వేడికి, తారుకి అది ఆగదు. మీరు కొన్న ఇంట్లో ఇంతకు ముందు గ్యాస్ ఫైర్ ఉండి ఉంటే, "లోపల లైనర్ ఉందండీ" అని అమ్మినవాళ్లు చెప్పినా సంతోషించకండి. అది గ్యాస్ లైనరే అయితే తీసేయాలి. అలాగే పాత స్టవ్ తీసి కొత్తది పెడుతుంటే, లైనర్‌ని కూడా మార్చాలన్నది నియమం. అది ఈమధ్యే వేసిందనీ, బాగుందనీ చూపించగలిగితేనే ఉంచొచ్చు.

సైజు ఇలా. 20 కిలోవాట్ల లోపు మూసిన స్టవ్‌లో కట్టెలు కాల్చాలంటే 150 మి.మీ. వ్యాసం కావాలి. పొగ తక్కువ వదిలేదిగా డెఫ్రా (ఇక్కడి పర్యావరణ శాఖ) మినహాయింపు పొందిన స్టవ్ అయితే 125 చాలు. స్టవ్ మూతి కంటే లైనర్ చిన్నదిగా మాత్రం ఎప్పుడూ ఉండకూడదు. గొట్టం వంపులు నిలువు నుంచి 45 డిగ్రీలు దాటకూడదు. స్టవ్ దగ్గర నుంచి పై మూతి దాకా ఎత్తు కనీసం నాలుగున్నర మీటర్లు ఉంటే లాగుడు బాగుంటుంది. రెండంతస్తుల ఇంట్లో ఇది ఎలాగూ వస్తుంది.

లైనర్‌లో రెండు గ్రేడులు దొరుకుతాయి, 316, 904. ఇక్కడే మనవాళ్లు డబ్బు మిగుల్చుకోవాలని చూస్తారు. నేను వద్దంటాను. కట్టెలు మాత్రమే, అవీ బాగా ఎండినవి, వారాంతాల్లో వేసుకునేవాళ్లకి 316 సరిపోతుంది. రోజూ వెలిగించేవాళ్లు, బొగ్గు జాతి స్మోక్‌లెస్ ఇంధనం కూడా వాడేవాళ్లు, రాత్రి గాలి తగ్గించి నిప్పుని నిద్రపుచ్చే అలవాటున్నవాళ్లు 904 తీసుకోవాలి. బొగ్గులోని గంధకం తేమతో కలిసి ఆమ్లమై స్టీల్‌ని తినేస్తుంది. నెమ్మదిగా కాలే మంటలో ఈ తడి ఇంకా ఎక్కువ. స్కాఫోల్డింగ్, కూలీ కలిపిన మొత్తం ఖర్చులో రెండు గ్రేడుల మధ్య తేడా చిన్నదే. లైనర్ పాడైతే ఆ స్కాఫోల్డింగ్, ఆ కూలీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి.

పని చేసేవాళ్ల పక్కన నిలబడి ఒకటి గమనించండి. లైనర్ మీద బాణం గుర్తులు ఉంటాయి, పొగ పోయే వైపు చూపిస్తూ. తలకిందులుగా దించితే లోపలి మడతలు ఎదురు తిరిగి తారు అక్కడే చిక్కుకుంటుంది, తుడిచే బ్రష్ కూడా మడతల్ని పట్టి లేపేస్తుంది. పైకి వెళ్లాక ఎవరికీ కనబడదు కాబట్టి కిందనున్నప్పుడే చూసుకోవాలి.

లైనర్ చుట్టూ మిగిలిన ఖాళీలో ఏమైనా నింపాలా అన్నది ఇంకో ప్రశ్న. తయారీదారు నింపమంటే తప్ప పైనా కిందా మూసి మధ్యలో ఖాళీగా ఉంచమని నిబంధన పత్రం చెబుతుంది. బయటి గోడకున్న చల్లని చిమ్నీలకి వెర్మిక్యులైట్ అనే, వేడిని పోనివ్వని ఖనిజపు పలుకులు నింపితే పొగ వెచ్చగా ఉండి లాగుడు బాగుంటుందని కొందరు పనివాళ్లు సలహా ఇస్తారు. మీ లైనర్‌తో వచ్చిన కాగితం చదివి, అందులో ఉన్నట్టే చేయించండి.

మూడో దారి: గట్టి లైనింగ్

ఇందులో ఒక పద్ధతి, చిమ్నీని అక్కడక్కడ విప్పి ప్యూమిస్ రాయితోనో మట్టితోనో చేసిన గొట్టాల్ని ఒకదానిమీద ఒకటి పేర్చడం. రెండోది, పొడవాటి రబ్బరు గొట్టాన్ని లోపలికి దించి, గాలి ఊది, చుట్టూ తేలికపాటి కాంక్రీటు పోయడం. గట్టిపడ్డాక గాలి తీసి రబ్బరుని లాగేస్తారు. స్టీల్ కంటే చాలాకాలం ఉంటుంది, బలహీనపడ్డ చిమ్నీకి బలమిస్తుంది. ఖర్చు ఎక్కువ, ఇల్లంతా దుమ్ము, ఒకసారి పోశాక వెనక్కి తీయలేం. తరతరాలు ఉండే ఇల్లు, రోజూ మంట, చిమ్నీ లోపల బాగా శిథిలం. ఇలాంటి చోటే దీని గురించి ఆలోచించాలి. అయిదేళ్లలో ఇల్లు మారుదామనుకునేవాళ్లకి అక్కర్లేదు.

స్టవ్ సైజు, గాలి

చిమ్నీ తేలాకే స్టవ్ సైజు. పెద్దది కొంటే ఎక్కువ వెచ్చదనం అనుకోవడం సహజం. కానీ పెద్ద స్టవ్‌ని చిన్న గదిలో పెడితే ఉక్కపోసి గాలి తగ్గిస్తాం. అది సగం మంటతో పొగ కక్కుతుంది, అద్దం నల్లబడుతుంది, తారు పడుతుంది. షాపుల్లో వాడే మోటు లెక్క ఒకటుంది. గది పొడవు, వెడల్పు, ఎత్తు మీటర్లలో గుణించి 14తో భాగించండి. మా హాలు 4.2 మీటర్లకి 4 మీటర్లు, ఎత్తు 2.7. గుణిస్తే 45, భాగిస్తే మూడు కిలోవాట్ల పైచిలుకు. మాకు మొదట నచ్చిన స్టవ్ 8 కిలోవాట్లది!

8కి, 5కి ఇంకో తేడా ఉంది. గాలి సందులుండే పాత ఇళ్లలో 5 కిలోవాట్ల దాకా గోడకి ప్రత్యేకంగా గాలి రంధ్రం అవసరం లేదు. 5 దాటిన ప్రతి కిలోవాట్‌కి 550 చదరపు మి.మీ. ఎప్పుడూ తెరిచి ఉండే రంధ్రం పెట్టాలి. 8 కిలోవాట్లదైతే 1,650. మూసే వీలున్న జాలీ పనికిరాదు. కొత్తగా కట్టిన, గాలి చొరబడని ఇళ్లలో మొదటి కిలోవాట్ నుంచే ఈ లెక్క వర్తిస్తుంది. పాత ఇల్లే అయినా కిటికీలన్నీ మార్చి, సందులన్నీ సీలు చేయించి ఉంటే ఇన్‌స్టాలర్‌కి ఆ విషయం తప్పకుండా చెప్పండి.

మన ఇళ్లలో ముఖ్యంగా చూసుకోవలసింది వంటింటి ఎగ్జాస్ట్. స్టవ్ ఉన్న గదిలోనే గాలిని బయటికి తోసే ఫ్యాన్ ఉండకూడదన్నది సాధారణ నియమం. గోడ కొట్టేసి హాలూ వంటిల్లూ ఒకటి చేసిన ఇళ్లలో, ఇటు స్టవ్ మండుతుంటే అటు పోపు ఘాటుకి ఎగ్జాస్ట్ ఫుల్లుగా పెడతాం. ఆ ఫ్యాన్ గదిలో గాలిని లాగేస్తే, చిమ్నీలో పైకి పోవాల్సిన పొగ వెనక్కి గదిలోకే వస్తుంది. ఫ్యాన్ అన్నిటికంటే ఎక్కువ స్పీడులో పెట్టి, తలుపులు, కిటికీలు మూసి, స్టవ్ పొగ గదిలోకి వస్తుందేమో పరీక్ష చేయించాలి. వస్తే మాత్రం ఫ్యాన్‌నో స్టవ్‌నో ఒకదాన్ని వదులుకోవాల్సిందే. రోజూ పోపు పెట్టే ఇంట్లో ఏది వదులుకుంటామో మీకే తెలుసు.

కింద రాయి, చుట్టూ చెక్క

స్టవ్ కింద ఉండే రాతి అరుగుని హార్త్ అంటారు. మీరు కొనే స్టవ్ తన కింది నేలని 100 డిగ్రీలు దాటి వేడెక్కనివ్వదని తయారీదారు రాసిస్తే 12 మి.మీ. మందం రాయి చాలు. రాసివ్వకపోతే 125 మి.మీ. మందాన గట్టి అరుగు ఉండాలి. స్టవ్ ముందు 225 మి.మీ., పక్కలకి 150 మి.మీ. రాయి కనబడాలి. తలుపు తెరిచి మండించే రకమైతే ముందువైపు 300. అరుగు అంచు నేలతో కలిసిపోకుండా తెలిసేటట్టు ఉండాలి. లేకపోతే ఎప్పుడో ఒకరోజు కార్పెట్ దాని మీదికి వచ్చేస్తుంది.

ఫైర్‌ప్లేస్ మీద పాత దూలం అందంగా ఉంటుంది. ఇక్కడే ఎక్కువమందికి నిరాశ. ఒంటి పొర స్టవ్ గొట్టానికీ చెక్కకీ మధ్య గొట్టం వ్యాసానికి మూడింతల దూరం ఉండాలి. 150 గొట్టానికి 450 మి.మీ. మధ్యలో తగిన కవచం పెడితే ఒకటిన్నర రెట్లు చాలు. స్టవ్ ఒంటికి చెక్క ఎంత దూరం ఉండాలో స్టవ్ పుస్తకంలో రాసి ఉంటుంది, అది మోడల్‌ని బట్టి మారుతుంది. దూలం ఉంచుకోవాలని ఉంటే, ముందు దాని ఎత్తు కొలుచుకుని ఆ పుస్తకంతో సరిపోయే స్టవ్ వెతకండి.

అలారం

కొత్త స్టవ్ పెట్టిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలని ఇంగ్లండ్‌లో 2010 అక్టోబర్ నుంచి నియమం. దాని మీద బీఎస్ ఈఎన్ 50291 అని ఉండాలి. స్టవ్ నుంచి అడ్డంగా కొలిస్తే ఒక మీటరు నుంచి మూడు మీటర్ల మధ్యలో ఉండాలి. పైకప్పుకి పెడితే ఏ గోడకైనా కనీసం 300 మి.మీ. దూరం, గోడకి పెడితే తలుపులు, కిటికీల కంటే ఎత్తున, పైకప్పుకి 150 మి.మీ. కిందగా. మేము చిమ్నీ గోడ వెళ్లే పిల్లల గదిలోనూ ఇంకోటి పెట్టాం. నియమం అడగలేదు, కానీ ఆ పొగ దారం చూశాక నాకు నిద్ర పట్టలేదు.

చలికాలంలో తలుపులు మూసి గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని లేవని కుటుంబాల వార్తలు మనం పేపర్లలో చదువుతూనే ఉంటాం. ఇదీ అదే వాయువు.

ఎవరితో చేయించాలి

స్టవ్ పెట్టడం నోటిఫై చేయాల్సిన పని, అంటే కౌన్సిల్‌కి తెలియజేయాలి. రెండు దారులున్నాయి. హెటాస్ లాంటి పథకంలో నమోదైన ఇన్‌స్టాలర్ అయితే పని తనే ధ్రువీకరిస్తాడు, 30 రోజుల్లో కౌన్సిల్‌కి సమాచారం వెళ్తుంది, మీకు సర్టిఫికెట్ వస్తుంది. నమోదు లేనివాళ్లు చేసినా, మీరే చేసుకున్నా తప్పు లేదు. కాకపోతే పని మొదలుపెట్టకముందే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కి చెప్పి, ఫీజు కట్టి, వాళ్లు వచ్చి చూసి ఒప్పుకోవాలి. మా స్నేహితులొకరు తెలిసినవాళ్ల ద్వారా చౌకగా చేయించుకున్నారు, ఎవరికీ చెప్పలేదు. నాలుగేళ్లకి ఇల్లు అమ్ముతుంటే కొనేవాళ్ల లాయర్ సర్టిఫికెట్ అడిగాడు. అది లేక అమ్మకం వారాల తరబడి ఆగిపోయింది, ఆ టెన్షన్ నేను దగ్గర నుంచి చూశాను. ఫీజు, పరీక్షలు కలిపి చూస్తే నమోదైనవాళ్లే మేలు. ఫ్లాట్ అయితే ఫ్రీహోల్డర్ (భవనం అసలు యజమాని) అనుమతి, లిస్టెడ్ (చారిత్రక కట్టడంగా రక్షణ ఉన్న) భవనమైతే కౌన్సిల్ అనుమతి ముందే కావాలి. పని అయ్యాక చిమ్నీ వివరాల పలక ఒకటి స్టవ్ దగ్గరో మీటర్ దగ్గరో పెడతారు. లేకుండా వెళ్లిపోతుంటే అడగండి.

కట్టెలు మాత్రమేనా, రెండూనా

1952 డిసెంబర్‌లో లండన్‌ని కమ్మేసిన పొగమంచు వేలమంది ప్రాణాలు తీసింది. 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే నగరాల్లో చాలాభాగం ఈనాటికీ స్మోక్ కంట్రోల్ ప్రాంతాలే, అంటే చిమ్నీ పొగ మీద ఆంక్షలున్నవే. అక్కడ కట్టెలు కాల్చాలంటే డెఫ్రా మినహాయింపు ఉన్న స్టవ్ కావాలి. చిమ్నీ నుంచి పొగ వస్తే 300 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. మినహాయింపు లేని స్టవ్‌లో వాడడానికి అనుమతి లేని ఇంధనం కొంటే 1,000 దాకా. 2022 జనవరి నుంచి అమ్మే కొత్త స్టవ్‌లన్నీ ఎకోడిజైన్ అనే, పొగ, సామర్థ్యాలకు సంబంధించిన ప్రమాణానికి తగ్గట్టు ఉండాలి. ఈ రెండూ వేర్వేరు, ఎకోడిజైన్ అని ఉంటే డెఫ్రా మినహాయింపు ఉన్నట్టే అనుకోకండి. సెకండ్ హ్యాండ్ స్టవ్ చౌకగా దొరికితే ముందు ఇదే చూడాలి.

కట్టెలూ, బొగ్గు జాతి ఇంధనమూ రెండూ కాల్చగలిగే మల్టీఫ్యూయల్ స్టవ్‌లో అడుగున జల్లెడ ఉంటుంది, బొగ్గు జాతి ఇంధనానికి కింద నుంచి గాలి అందుతుంది. కట్టెలకు మాత్రం బూడిద పరుపు మీద, పైనుంచి గాలి తగులుతూ మండడమే ఇష్టం. మామూలు ఇంటి బొగ్గు అమ్మకం 2021లో సంచుల్లో, 2023లో విడిగా ఆగిపోయింది. ఇక మిగిలింది స్మోక్‌లెస్ ఇంధనమే. కట్టెలు నిల్వ చేసుకోవడానికి పొడి చోటు ఉన్నవాళ్లకి కట్టెల స్టవ్ చాలు. పెరడు లేని టెర్రస్ ఇళ్లవాళ్లకి మల్టీఫ్యూయల్ వెసులుబాటు.

కట్టె తేమ 20 శాతం లోపు ఉండాలి. చిన్న మోతాదుల్లో అమ్మే కట్టెలకి 2021 మే నుంచి అదే చట్టం. సంచి మీద రెడీ టు బర్న్ గుర్తు చూడండి. తేమ మీటరు కొనుక్కుంటే కట్టె పైన గుచ్చి చూడకండి, పైపొర ఎప్పుడూ ఎండే ఉంటుంది. గొడ్డలితో చీల్చి, అప్పుడే తెరుచుకున్న లోపలి ముఖం మీద గుచ్చండి. మేము కొన్న మొదటి లోడు పైన 17 చూపించింది, చీల్చాక 31.

ఎవరికి ఏది

1900 ముందో వెనకో కట్టిన ఇల్లు, హాల్లో ఒక స్టవ్, చలికాలం సాయంత్రాలు: 904 లైనర్, 5 కిలోవాట్ల లోపు డెఫ్రా స్టవ్, నమోదైన ఇన్‌స్టాలర్. ఇందులో నాకు సందేహం లేదు. 1970ల ఇల్లు, మట్టి లైనింగ్ పరీక్షలో పాస్: ఉన్నదే వాడుకోండి, మిగిలిన డబ్బు మంచి స్టవ్ మీద పెట్టండి.

ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు, నెలల పిల్లలు ఉంటే మాత్రం వద్దనే చెబుతాను. ఎంత మంచి స్టవ్ అయినా తలుపు తీసినప్పుడల్లా సన్నటి ధూళి గదిలోకి వస్తుంది, వీధిలోకీ పోతుంది. గ్యాస్ బిల్లు తగ్గుతుందన్న ఆశతో పెట్టేవాళ్లకీ వద్దంటాను. కట్టెలు సంచుల లెక్కన కొనే ఇంట్లో ఆ లెక్క తేలడం కష్టం. కిటికీలు, అటక ఇన్సులేషన్ మీద ఆ డబ్బు పెడితే ఎక్కువ వెచ్చదనం వస్తుంది. ఫైర్‌ప్లేస్ అందం కోసమే అయితే గొట్టాన్ని తుడిపించి, వాన పడకుండా పైన గాలి ఆడే మూత పెట్టించి, కింద దీపాలు పెట్టుకున్నా చాలా బాగుంటుంది. మా పై గదిలో పాత ఫైర్‌ప్లేస్‌ని అలాగే ఉంచాం. ఆ గొట్టాన్ని కింది స్టవ్‌తో కలపడానికి లేదు కూడా. ఒక్కో స్టవ్‌కి ఒక్కో గొట్టం విడిగా ఉండాలి.

పరీక్షకి ఎప్పుడు పిలవాలో కూడా చెప్పేస్తాను. జాక్‌డా అనే చిన్న కాకులు వసంతంలో చిమ్నీల్లో పుల్లలు పడేసి గూళ్లు కడతాయి. వాడుకలో ఉన్న గూడు తీయడం 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఏప్రిల్‌లో పిలిస్తే ఆయన చూసి వెళ్లిపోతాడు, పిల్లలు ఎగిరిపోయేదాకా పని ఆగుతుంది. అక్టోబర్‌లో పిలిస్తే ఊళ్లో అందరూ అప్పుడే పిలుస్తారు, డేట్ దొరకదు. ఆగస్టు మొదటి వారానికి బుక్ చేసుకోండి. లైనర్ వేసేటప్పుడే పై మూతికి పక్షులు దూరకుండా జాలీ ఉన్న టోపీ పెట్టమనండి.